డంజన్స్ అండ్ డ్రాగన్స్ 2024: గోల ఒకదాని మీద, ఇబ్బంది ఇంకొకదానితో

ఈ ఆట కొత్త రూల్స్ పుస్తకాలు మూడూ కొన్నాను. ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ 2024 సెప్టెంబరులో, డంజన్ మాస్టర్స్ గైడ్ నవంబరులో, మాన్‌స్టర్ మాన్యువల్ 2025 ఫిబ్రవరిలో వచ్చాయి. ఒక్కోటి దాదాపు 50 డాలర్లు. నడుస్తున్న పాత కథ ముగించేసి, కొత్త రూల్స్‌తో లెవెల్ 1 (పాత్రల మొదటి మెట్టు) నుంచి మొదలుపెట్టాం, ఇప్పుడు లెవెల్ 11లో ఉన్నాం. డీఎంని, అంటే కథ నడిపే డంజన్ మాస్టర్‌ని, నేనే. ఆడేవాళ్లలో ముగ్గురు డాలస్ చుట్టుపక్కల ఉండే మనవాళ్లు, ఒకాయన ఇక్కడి అమెరికన్. మూడో ఎడిషన్ రోజుల నుంచీ పాచికలు వేస్తున్న పెద్దమనిషి. విడుదలైన వారంలోనే బోలెడు సమీక్షలు వచ్చాయి గానీ, వాటిలో చాలావరకు పుస్తకం చదివి రాసినవే. ఇది ఆడాక రాస్తున్నది.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇందులో బోర్డు ఉండి తీరాలని లేదు, ఒకరు గెలిచి ఒకరు ఓడేది లేదు. డంజన్ మాస్టర్ కథ నడుపుతాడు, మిగతావాళ్లు తలా ఒక పాత్ర వేస్తారు. తలుపు పగలగొట్టాలన్నా, కాపలావాడికి అబద్ధం చెప్పాలన్నా 20 ముఖాల పాచిక వేసి తేల్చుకోవాలి. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ తెచ్చిన ఆట. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్‌ని సవరించి ఈ పుస్తకాలు వేశారు. కంపెనీ దీన్ని ఆరో ఎడిషన్ అనదు, అభిమానులు 5.5 అంటారు. తొలి గొడవ ఇక్కడే మొదలైంది. పాతవాటితో కలిసిపోయేటట్టైతే మళ్లీ మూడు పుస్తకాలు ఎందుకు కొనాలి, కలవకపోతే కొత్త ఎడిషన్ అని ఒప్పుకోవచ్చుగా అని.

కోపానికి అసలు కారణం మాత్రం రూల్స్ కాదు. చిన్న చిన్న ప్రచురణకర్తలు రెండు దశాబ్దాలుగా నమ్ముకున్న ఓపెన్ గేమ్ లైసెన్సును (ఈ ఆట రూల్స్ వాడుకుని సొంత పుస్తకాలు వేసుకోనిచ్చే అనుమతిని) మార్చాలని ఈ ఆట కంపెనీ విజార్డ్స్ ఆఫ్ ద కోస్ట్ చూస్తోందని 2023 జనవరిలో ముసాయిదా బయటికి పొక్కింది. బాగా సంపాదిస్తున్నవాళ్ల రాబడిలో వాటా అడిగే షరతు కూడా అందులో ఉంది. జనం ఆ కంపెనీ వెబ్‌సైట్ డీ అండ్ డీ బియాండ్‌కి కట్టే చందాలు రద్దు చేసుకోవడం మొదలుపెట్టారు. పోటీ కంపెనీ పైజో, ఎనిమిది నెలలకు వస్తుందనుకున్న తన ఆట పాత్‌ఫైండర్ పుస్తకాల స్టాకు రెండు వారాల్లో అమ్ముడైపోయిందని చెప్పుకుంది. నెలాఖరుకల్లా విజార్డ్స్ వెనక్కి తగ్గి, ఐదో ఎడిషన్ మూల నియమాలను ఎవరైనా వాడుకోగల క్రియేటివ్ కామన్స్ లైసెన్సు కింద వదిలేసింది. అక్కడితో ఆగినా బాగుండేది. 2024 ఆగస్టులో, కొత్త పుస్తకం రాబోతుండగా, బియాండ్ క్యారెక్టర్ షీట్లలో (పాత్రల వివరాల పత్రాల్లో) పాత స్పెల్స్ (మంత్రాలు) తీసేసి కొత్తవి పెట్టేస్తామని ప్రకటించి, జనం విరుచుకుపడేసరికి కొద్దిరోజుల్లోనే అదీ మానుకున్నారు.

ఇంత జరిగాక పుస్తకం తెరిచినవాళ్లు రూల్స్‌ని రూల్స్‌లా చదువుతారా? అత్త మీద కోపం దుత్త మీద అన్నట్టు, ఆ కోపమంతా వెళ్లి పాలడిన్ అనే పవిత్ర యోధుడి పాత్ర మీద పడింది.

పాత రూల్ ప్రకారం పాలడిన్ దెబ్బ తగిలాక స్మైట్ (దైవశక్తితో అదనపు గాయం) వేసుకోవచ్చు, ఒకే వంతులో రెండు దెబ్బలు తగిలితే రెండిటికీ వేసుకోవచ్చు. లెవెల్ 5లో రెండో స్థాయి స్లాట్లు (మంత్రశక్తి కోటా) రెండూ ఖర్చుపెడితే ఎనిమిది ముఖాల పాచికలు ఆరు అదనం. నేను వారమంతా కూర్చుని తయారుచేసుకున్న విలన్, డైలాగ్ పూర్తికాకుండానే పోయేవాడు. ఇప్పుడు స్మైట్ ఒక స్పెల్, దానికి బోనస్ యాక్షన్ (వంతులో అసలు పనికి తోడు దొరికే ఒక చిన్న పని) కావాలి, అంటే వంతుకి ఒక్కసారే. పాలడిన్‌ని చంపేశారని అభిమానులు ఏడ్చింది దీని గురించే. మా పాలడిన్ కూడా తొలి రోజుల్లో మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. లెవెల్ 5కి గుర్రం స్పెల్ ఉచితంగా చేతికొచ్చాక ఆ ఊసే ఎత్తలేదు. ఎవరూ చెప్పని విషయం ఒకటుంది. చేతితో తాకి గాయం మాన్పే లే ఆన్ హ్యాండ్స్ కూడా ఇప్పుడు బోనస్ యాక్షనే. కాబట్టి ప్రతి వంతులో పక్కవాణ్ణి లేపాలా, ఎదుటివాడి మీద స్మైట్ వేయాలా అని ఆలోచించాలి. పాత పాలడిన్ అయితే, పక్కవాణ్ణి లేపాలంటే ఆ వంతులో కొట్టడమే మానుకోవాలి. నాకు కొత్తదే నచ్చింది.

ఎవరూ పెద్దగా గొంతెత్తనిది, పైగా అందరూ మెచ్చుకున్నది వెపన్ మాస్టరీ. ఒక్కో ఆయుధానికి ఒక్కో గుణం. గ్రేట్‌సోర్డ్ గురి తప్పినా కాస్త గాయం చేస్తుంది, వార్‌హ్యామర్ పది అడుగులు వెనక్కి నెడుతుంది, రేపియర్‌తో ఒకసారి తగిలితే తర్వాతి దెబ్బకు అడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకోవడం). చదివితే ముచ్చటగా ఉంటుంది, కింది లెవెల్స్‌లో ఆడినా ముచ్చటగానే ఉంటుంది. కత్తి పట్టినవాడికి కొట్టడం తప్ప వేరే పని లేదనే పాత ఫిర్యాదు తీరింది. కానీ మాల్ (పెద్ద సుత్తి) లాంటి కొన్ని ఆయుధాలకు టాపుల్ అని ఉంది. దెబ్బ తగిలిన ప్రతిసారీ ఎదుటివాడు సేవ్ (తప్పించుకోవడానికి పాచిక) వేయాలి, తప్పితే కింద పడతాడు. మా ఫైటర్ చేతిలో ఉన్నది మాలే. లెవెల్ 11లో వాడికి వంతుకి మూడు దెబ్బలు, యాక్షన్ సర్జ్ (అదే వంతులో ఇంకోసారి దాడి చేయనిచ్చే శక్తి) వాడితే ఆరు. వాడు ఆరు పాచికలు వేస్తాడు, తగిలిన ప్రతిదానికీ నేనొకటి వేస్తాను, పడ్డాడో లేదో చూసి తర్వాతి దెబ్బ లెక్క మార్చుకుంటాం. ఈలోగా మిగతావాళ్లు ఫోన్లు తీస్తారు.

పైగా మా రేంజర్ విల్లు పట్టుకుంటుంది. కింద పడ్డవాణ్ణి దూరం నుంచి బాణంతో కొట్టాలంటే డిసడ్వాంటేజ్ (రెండు పాచికల్లో చిన్నదే లెక్క). "బావా, నీకు దండం పెడతా, నా వంతు అయ్యాక పడెయ్" అని ఆ అమ్మాయి ప్రతి ఫైట్‌లోనూ బతిమాలుతుంది. వాడు వినడు, పడేస్తాడు. చివరికి టాపుల్ సేవ్ వంతుకి ఒక్కసారే అని మేమే రూల్ పెట్టుకున్నాం. ఫైట్లు వెంటనే చురుగ్గా సాగాయి.

విచిత్రమేంటంటే, మాన్‌స్టర్ మాన్యువల్ రాసినవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు దారి పట్టారు. పాత పుస్తకంలో తోడేలు కరిస్తే, పడకుండా ఉండటానికి సేవ్ వేసే అవకాశం ఉండేది. ఇప్పుడు లేదు, కాటు తగిలితే మనిషి కింద ఉన్నట్టే. లెవెల్ 1లో మా వాళ్లు అడవి దాటుతుంటే ఓ తోడేళ్ల మందను వదిలాను. మొదటి కాటుకే మంక్ (వట్టి చేతులతో పోరాడే పాత్ర) పడ్డాడు, మిగతా తోడేళ్లు చుట్టుముట్టాయి. "సేవ్ ఏమీ లేదా అన్నా?" అని పాలడిన్ నా స్క్రీన్ మీదుగా పుస్తకంలోకి తొంగిచూశాడు. లేదు. క్రూరంగా అనిపిస్తుంది, నిజమే, కానీ రాక్షసుల వంతు చకచకా అయిపోతుంది. క్యూర్ వూండ్స్ అనే వైద్యం స్పెల్ ఇప్పుడు రెట్టింపు పాచికలు ఇస్తోంది, గాయం మాన్పే మందు కూడా బోనస్ యాక్షన్‌తో తాగేయొచ్చు. ఇన్ని సదుపాయాలున్నవాళ్లను భయపెట్టాలంటే తోడేళ్లు ఆ మాత్రం కరవాల్సిందే. ఆటగాళ్ల వైపు పాచికలు పెంచి డీఎం వైపు తగ్గించారు, అది మాత్రం నాకు అంతుపట్టలేదు.

ఓర్క్‌లను మాన్‌స్టర్ మాన్యువల్‌లోంచి తీసేశారని ఇంకో రగడ. ఓర్క్ ఇప్పుడు ఆటగాళ్లు ఎంచుకునే జాతుల్లో ఉంది, రాక్షసుల జాబితాలో విడిగా స్టాట్ బ్లాక్ (బలాబలాల పట్టిక) లేదు. ఇరువైపులా పెద్ద పెద్ద మాటలే నడిచాయి. నాకు కలిగిన కష్టం చిన్నది, పాత అడ్వెంచర్లో (ముందే రాసి అచ్చేసిన కథలో) 'ఆరుగురు ఓర్క్‌లు' అని ఉన్నప్పుడల్లా పాత పుస్తకం వెతుక్కోవడం.

రేంజర్ మీద పడిన నవ్వులు మాత్రం న్యాయమైనవే. ఆ క్లాస్ (పాత్ర రకం) మొత్తాన్నీ హంటర్స్ మార్క్ అనే ఒక్క స్పెల్‌కి కట్టేశారు. ఆ స్పెల్‌కి కాన్సన్‌ట్రేషన్ కావాలి, అది ఉన్నంతసేపూ కాన్సన్‌ట్రేషన్ అడిగే వేరే మంచి స్పెల్ ఏదీ నిలబెట్టలేం. లెవెల్ 20 దాకా ఆడితే దక్కే బహుమతి ఏంటయ్యా అంటే, ఆ స్పెల్‌కి ఆరు ముఖాల పాచిక బదులు పది ముఖాల పాచిక. మా రేంజర్ ఇప్పటికైతే బాగానే కొడుతోంది. రాబోయే లెవెల్స్ పేజీలు తిప్పి చూసి, రోగ్ (దొంగ) క్లాస్‌లోకి మారదామా అని ఆలోచిస్తోంది.

దాక్కునే రూల్ ఒక గందరగోళం. పాచిక వేసి 15 తెచ్చుకుంటే దాక్కున్నట్టు లెక్క, దాక్కున్నవాడికి ఇన్విజిబుల్ (కనిపించని) కండిషన్ వస్తుంది. అదే కండిషన్ మాయా స్పెల్ వేసుకున్నవాడికీ వస్తుంది. మరి స్తంభం వెనక దాక్కున్నవాడు కాపలావాడి ముందు నుంచి నడిచి వెళ్తే? వెనకున్న గ్లాసరీని ఎంత చదివినా డీఎం ఇంగితమే దిక్కు. నిజానికి ఆ గ్లాసరీ ఈ పుస్తకంలో అన్నిటికంటే పనికొచ్చే భాగం, ఆట ఆపకుండా అర నిమిషంలో రూల్ దొరుకుతుంది. దాక్కోవడం ఒక్కటే దానికి లొంగలేదు.

బ్యాక్‌గ్రౌండ్‌ల (పాత్ర పూర్వ జీవితం) సంగతి కూడా చెప్పాలి. 2014లో బలం, తెలివి లాంటి అంకెలు జాతిని బట్టి పెరిగేవి, 2020లో టాషా అనే అనుబంధ పుస్తకం వచ్చి ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోనిచ్చింది. ఇప్పుడు అవి బ్యాక్‌గ్రౌండ్‌కి ముడిపడ్డాయి, ఒక ఫీట్ (ప్రత్యేక నైపుణ్యం) కూడా దానితోనే వస్తుంది. దాంతో విజార్డ్ (మాంత్రికుడు) అనగానే అందరి చెయ్యీ సేజ్ (పండితుడు) అనే బ్యాక్‌గ్రౌండ్ మీదికే పోతుంది. సొంతంగా బ్యాక్‌గ్రౌండ్ తయారుచేసుకునే పద్ధతి డంజన్ మాస్టర్స్ గైడ్‌లో పెట్టారు, ఆటగాళ్ల పుస్తకంలో కాదు. మా బల్ల దగ్గర దాన్ని అందరికీ తెరిచేశాను.

గైడ్ గురించి చెప్పాలంటే, పాతది దేవుళ్లతో, లోకాలతో మొదలయ్యేది, కొత్తది ఆట ఎలా నడపాలో అన్నదాంతో మొదలవుతుంది. కొత్తగా డీఎం అయ్యేవాడికి ఈ తేడా చాలా పెద్దది. లెవెల్ 5 నుంచి ఆటగాళ్లు కట్టుకునే సొంత కోటలు, బాస్టియన్‌లు, మా వాళ్లు రెండు మూడు వారాలు ఉత్సాహంగా కట్టి వదిలేశారు.

మా అమెరికన్ పెద్దాయన ఈ రగడంతా చూసి నవ్వుతాడు. 2008లో నాలుగో ఎడిషన్ వచ్చినప్పుడు ఆయన కోపంతో ఆట మానేసి, మరుసటి ఏడు పాత 3.5 రూల్స్ మీద నడిచే పాత్‌ఫైండర్ రాగానే అటు వెళ్లిపోయిన బాపతు. అప్పుడు అన్ని క్లాసులనూ ఒకే అచ్చులో పోశారని ఆయన ఫిర్యాదు. ఐదో ఎడిషన్‌కే తిరిగొచ్చాడు. ఇప్పుడు మంక్ ఆడుతున్నాడు, ఈ సవరణలో అందరికంటే లాభపడిన క్లాస్ అదే. దూసుకొచ్చే దెబ్బను చేత్తో ఆపేసిన ప్రతిసారీ బల్ల చరుస్తాడు.

2014 పుస్తకాలతో హాయిగా ఆడుకుంటున్నవాళ్లు మారాల్సిన అవసరం ఏమీ లేదు. పాత అడ్వెంచర్లు కొత్త రూల్స్‌తో నడుస్తాయి, రాక్షసుల స్టాట్స్ మాత్రం మార్చుకోండి, లేకపోతే ఫైట్లు చప్పగా ఉంటాయి. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు మాత్రం పాతవి కొనొద్దు. డబ్బు పెట్టే ముందు, 2025లో క్రియేటివ్ కామన్స్ కింద వదిలిన ఎస్ఆర్‌డీ 5.2 (కొత్త మూల నియమాల పత్రం) దించుకోండి. పైసా ఖర్చు లేదు. పన్నెండు క్లాసులకూ తలా ఒక సబ్‌క్లాస్ (ఉపరకం), వెపన్ మాస్టరీ, ఆ తోడేలు, అన్నీ అందులో ఉన్నాయి. నచ్చితే ఆటగాళ్ల పుస్తకం ఒకటి గుంపంతా కలిసి కొనుక్కోండి. మాన్‌స్టర్ మాన్యువల్ డీఎం ఒక్కడి దగ్గర ఉంటే చాలు, మీవాళ్లకు చూపించకండి.