పెన్‌పాల్ బ్లడ్ బ్యాగు: రక్తనిధి కేంద్రం వైపు నుంచి ఒక సమీక్ష

బ్లడ్ బ్యాగును ఎవరూ పనిగట్టుకుని మెచ్చుకోరు. అది కారినప్పుడో, లోపల రక్తం గడ్డకట్టినప్పుడో మాత్రమే దాని ప్రస్తావన వస్తుంది. తిరువనంతపురంలో తయారయ్యే టెరుమో పెన్‌పాల్ బ్యాగు గురించి రాయాలంటే మాత్రం అది పుట్టిన తీరు కూడా చెప్పవలసి ఉంటుంది, ఎందుకంటే దాని గుణమంతా అక్కడే ఉంది.

1980ల తొలినాళ్లలో మన దేశంలో రక్తాన్ని ఎక్కువగా గాజు సీసాల్లోనే పట్టేవారు. సీసా పగిలేది, లోపలికి గాలి పోనిదే రక్తం దిగేది కాదు, ఆ గాలితో పాటే క్రిములు చేరే ప్రమాదం ఉండేది. హృద్రోగ శస్త్రవైద్యుడు డాక్టర్ ఎం.ఎస్. వలియత్తాన్ సారథ్యంలో తిరువనంతపురంలోని వైద్య పరిశోధన సంస్థ శ్రీచిత్ర తిరునాళ్ ప్లాస్టిక్ బ్యాగు తయారీ విధానాన్ని రూపొందించింది. విశ్వవిద్యాలయ హోదా గల ఆ సంస్థ నుంచి దాన్ని అందుకున్నది పేరుమోసిన మందుల కంపెనీ కాదు, 1983లో ఐఏఎస్ ఉద్యోగం వదులుకున్న సి. బాలగోపాల్. ఆయన స్థాపించిన పెనిన్సులా పాలిమర్స్ (పొట్టిగా పెన్‌పాల్)తో 1999లో జపాన్ సంస్థ టెరుమో చేతులు కలిపింది.

ప్రయోగశాలలో పది మంచి బ్యాగులు చేయడం వేరు, సూదిమొనంత రంధ్రం కూడా లేకుండా లక్షల బ్యాగులను ఒకే తీరుగా అతికి, రక్తం గడ్డకట్టకుండా చూసే ద్రావణం నింపి, ఆవిరితో క్రిమిరహితం చేయడం వేరు. పరిశోధనా పత్రాల్లో చోటు దక్కని ఆ రెండో పనిని ఈ కర్మాగారం చేసి చూపింది. నా దృష్టిలో ఇందులోని అసలు ఆవిష్కరణ అదే.

వాడుకలో దీని మేలు ఎక్కువగా తెలిసేది మూడు, నాలుగు సంచులను ట్యూబులతో ముందే కలిపి ఇచ్చే రకంలో. సేకరించిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్ అనే గిరగిర తిప్పే యంత్రంలో తిప్పి, బయటి గాలి తగలకుండానే ఎర్రకణాలను, ప్లాస్మాను, ప్లేట్‌లెట్లను వేరు చేయవచ్చు. డెంగీ కాలంలో ఒక్క దాత రక్తం ఒకరికి ప్లేట్‌లెట్లుగా, తలసేమియా ఉన్న పిల్లవాడికి ఎర్రకణాలుగా అందేది ఇలాగే. రక్తం గడ్డకట్టకుండా చూసే సీపీడీఏ-1 ద్రావణం ఉన్న బ్యాగులో రక్తం 35 రోజులు నిలుస్తుంది; శాగ్‌ఎమ్ అనే నిల్వ ద్రావణం కలిపిన ఎర్రకణాలైతే 42 రోజులు.

లోపాలు లేకపోలేదు, అయితే అవి ఈ ఒక్క కంపెనీవి కావు. బ్యాగు తయారీకి వాడే పీవీసీ ప్లాస్టిక్‌ను మెత్తబరిచే డీఈహెచ్‌పీ అనే రసాయనం కొంత రక్తంలోకి దిగుతుంది. విచిత్రమేమిటంటే, అదే ఎర్రకణాల పొరను కాపాడుతుంది కూడా. కాబట్టి దాన్ని తొలగించడం అనుకున్నంత సులువు కాదు. ప్లేట్‌లెట్లకు గాలి ఆడే ప్లాస్టిక్ కావాలి గనుక, ఐదు రోజుల నిల్వ కోరేవారు ఆ సంచి ఏ రకం ప్లాస్టిక్‌తో చేసిందో లేబుల్ మీద తప్పక చూసుకోవాలి. వాడిన బ్యాగులను సరైన కొలిమి లేకుండా కాలిస్తే డయాక్సిన్లు అనే విషపదార్థాలు వెలువడతాయన్నది మరో ఇబ్బంది.

విడదీసే యంత్రాలు లేని చిన్న కేంద్రానికి 350 మిల్లీలీటర్ల సింగిల్ బ్యాగు చాలు. సెంట్రిఫ్యూజ్ ఉండి కూడా ధర చూసి సింగిల్ బ్యాగులే తెప్పించడం మాత్రం నాకు సమ్మతం కాదు; అక్కడ ట్రిపుల్ బ్యాగే కొనాలి.