10 మీటర్ల పెరడు, 25 మీటర్ల గురి: స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్, స్కోప్ ఏళ్ల తరబడి వాడాక

హన్మకొండలో మా ఇంటి వెనక గోడ దాకా కొలిస్తే పది మీటర్లకు కాస్త ఎక్కువ. టార్గెట్లు పెట్టుకొని కాల్చేది మాత్రం నర్సంపేట వైపు ఉన్న మామిడి తోటలో, 25 మీటర్లకు. తోటకు పోయే వీలు ఎప్పుడో గానీ దొరకదు కాబట్టి రైఫిల్‌ను ఇంట్లోనే జీరో చేసుకొని (అంటే గురి పెట్టిన చోటే గుండు తగిలేలా స్కోప్‌ను సరిచేసుకొని) పోతాను. ఈ పనికి నా 4.5 ఎంఎం స్ప్రింగ్ ఎయిర్ రైఫిల్ (స్ప్రింగు తోసే గాలితో కాల్చేది), దాని మీది 3-9×40 స్కోప్ (3 నుంచి 9 రెట్లు పెద్దదిగా చూపే, 40 ఎంఎం ముందు అద్దం ఉన్న గురి దుర్భిణి) ఎంతవరకు పనికొచ్చాయో చెబుతాను.

ముందు స్కోప్. డబ్బు పెట్టాల్సింది అక్కడే. పెద్ద తుపాకుల స్కోపులు చాలావరకు 100 గజాల దూరానికి సెట్ చేసి వస్తాయి. వాటితో పది మీటర్లలో చూస్తే టార్గెట్ మసకగా ఉంటుంది, కన్ను కొంచెం పక్కకు జరిగితే గురి గీతలు కూడా జరిగినట్టు కనిపిస్తాయి. ముందు అద్దం చుట్టూ తిప్పి దూరానికి తగ్గట్టు సరిచేసుకునే రింగు ఉన్న రకమే (దాన్నే ఏఓ అంటారు) తీసుకోండి. రింగు మీది అంకెలను నేను పట్టించుకోను. పెరట్లో టార్గెట్ తేటగా కనిపించే చోట తెల్ల పెయింటు చుక్క పెట్టుకున్నాను, తోట దూరానికి ఇంకో చుక్క. స్ప్రింగ్ రైఫిల్ వెనక్కీ ముందుకీ రెండు వైపులా కుదుపుతుంది; పెద్ద తుపాకీ మీద బాగా పనిచేసిన స్కోప్ కూడా దీని మీద పాడైపోవచ్చు. ఒకే ముక్కలో ఉండి, జారకుండా ఆపే పిన్ను ఉన్న మౌంటు (స్కోప్‌ను రైఫిల్‌కు బిగించే పట్టీ) వేశాక నా స్కోప్ కదల్లేదు.

ఇక అసలు సంగతి. స్కోప్ బ్యారెల్‌కు పైన ఉంటుంది, నా రైఫిల్‌లో నాలుగున్నర సెంటీమీటర్లు. పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) కింది నుంచి బయల్దేరి చూపు గీతను ఒకసారి దాటి పైకి వెళ్తుంది, తర్వాత వంగుతూ మళ్లీ దాటుతుంది. అందుకే పది మీటర్లలో నట్టనడుమ తగిలేలా పెడితే, 25 మీటర్లలో దాదాపు మూడు సెంటీమీటర్లు పైకి పోతుంది. నా పెల్లెట్ బరువు అర గ్రాము, వేగం సెకనుకు సుమారు 240 మీటర్లు. ఈ లెక్కన పెరట్లో కావాలనే సెంటీమీటరు పైచిలుకు కిందికి తగిలేలా పెడతాను. తోటలో అది మధ్యకు వస్తుంది.

గురి జరపడానికి స్కోప్ మీది నాబ్ తిప్పితే క్లిక్కు క్లిక్కుమంటుంది; ఒక్క క్లిక్కుకు 100 గజాల దగ్గర పావు అంగుళం అని దాని మీద ఉంటుంది. పది మీటర్లలో అది సుమారు 0.7 మిల్లీమీటర్లే. సెంటీమీటరు జరగాలంటే 14 క్లిక్కులు తిప్పాలి. నాలుగు తిప్పి ఏమీ జరగలేదని కంగారు పడొద్దు.

కుడి ఎడమలు మాత్రం పది మీటర్లలోనే సరిగ్గా మధ్యలో ఉండాలి. గోడకు దారం కట్టి రాయి వేలాడదీసి, రైఫిల్‌ను నిటారుగా పట్టుకొని స్కోప్ నిలువు గీత ఆ దారంతో కలిసేలా బిగిస్తాను. ఒక్క పెల్లెట్ చూసి నాబ్ తిప్పను, ఐదు వేసి వాటి నడుమ భాగం చూస్తాను. ఇక్కడి ఒక మిల్లీమీటరు తేడా అక్కడ రెండున్నర అవుతుంది మరి. పది మీటర్లంటే చిన్నచూపు వద్దు. 2012 లండన్ ఒలింపిక్స్‌లో మన హైదరాబాద్ షూటర్ గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ దూరంలోనే. అక్కడ పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరే.

రైఫిల్ విషయానికొస్తే, గట్టిగా బిగించి పట్టుకుంటే పెల్లెట్లు చెదురుతాయి, అరచేతిలో వదులుగా ఆనించుకుంటే ఒక్క చోట పడతాయి. కొత్తలో లోపలి నూనె కాలి వేగం నిలకడగా ఉండదు, అది తగ్గేదాకా జీరో జోలికి పోవద్దు. వానాకాలం బ్యారెల్‌కు పలుచగా నూనె రాస్తే చాలు. కట్టె పని బాగుంది.

4.5 ఎంఎం, 20 జూళ్ల లోపు శక్తి ఉంటే 2016 ఆయుధ నియమాల ప్రకారం లైసెన్స్ అక్కర్లేదు. అయినా గోడ అవతల మనుషులు తిరిగే దారి ఉంటే పెరట్లో కాల్చనే వద్దు. మా గోడ ముందు ఇసుక బస్తాలు పేర్చి ఉంటాయి. కోతుల కోసం కొనాలా అని ఊళ్లల్లో చాలామంది అడుగుతారు. వద్దనే చెబుతాను. పెల్లెట్ తగిలిన జంతువు నరకం చూస్తుంది, కొన్ని జాతుల కోతులకు 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఎటూ ఉంది.

తోటలో ముందు ఐదు కాల్చి చూస్తాను. తేడా ఉంటే రెండు మూడు క్లిక్కులతో సరిపోతోంది. అంతకు మించి తిప్పాల్సి వస్తే నాబ్ ముట్టుకోకుండా ముందు మౌంటు స్క్రూలు చూస్తాను.