ఈల్స్‌కి ఏది మేలు: ఆర్థర్ నమ్మకమా, రైల్స్ కత్తెరా?

ముందే చెప్పేస్తున్నా. 2024 మే నెలలో మా సిడ్నీ రగ్బీ లీగ్ జట్టు పారమట్టా ఈల్స్ బ్రాడ్ ఆర్థర్‌ని కోచ్‌గా తీసేసినప్పుడు హమ్మయ్య అనుకున్నవాళ్ళలో నేనూ ఒకడిని. తర్వాత జేసన్ రైల్స్ వచ్చి 2025 సీజన్ మొత్తం నడిపాడు. అప్పట్నుంచీ ఇంట్లో, ఆఫీసులో, హారిస్ పార్క్‌లో దోసె ముందు కూర్చున్నప్పుడు కూడా ఇదే గొడవ, ఇద్దరిలో ఎవరు నయం అని. నా ఓటు రైల్స్‌కే. కానీ ఆర్థర్‌ని ఏమీ చేతకానివాడి కింద జమకట్టేస్తున్నారు చూడండి, అది మాత్రం ఒప్పుకోను.

సిడ్నీ పశ్చిమాన టూంగాబీ, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ వైపు ఉండే మన తెలుగువాళ్ళలో చాలామందికి పారమట్టా ఈల్స్ అంటే వారాంతంలో రైల్లో కూర్చోడానికి సీటు దొరక్కపోవడానికి కారణం, అంతే. నేనూ అలాగే ఉండేవాడిని. ఈల్ అంటే మన మలుగు చేప, ఇదేం పేరురా జట్టుకి అని నవ్వుకున్నా కూడా. ఒకసారి ఆఫీసు స్నేహితుడు బలవంతంగా మ్యాచ్‌కి లాక్కెళ్ళాడు, ఇక అయిపోయింది.

కబడ్డీ ఆడినవాళ్ళకి రగ్బీ లీగ్ అర్థం కావడానికి పది నిమిషాలు చాలు. జట్టుకి 13 మంది, ఆట 80 నిమిషాలు. బంతి పట్టుకుని ముందుకు దూసుకెళ్ళొచ్చు కానీ చేత్తో ముందుకు విసరకూడదు, పక్కకో వెనక్కో ఇవ్వాలి. అవతలివాళ్ళు పట్టి పడేస్తే ఒక టాకిల్. ఆరు టాకిల్స్ అయ్యేలోపు గీత దాటి బంతిని నేలకి ఆనిస్తే ట్రై, 4 పాయింట్లు. లేకపోతే బంతి వాళ్ళకి పోతుంది. అందుకే ఐదు టాకిల్స్ అవ్వగానే బంతిని దూరంగా తన్నేస్తారు, ఆ తన్నేవాడు ఎక్కువగా 7 నంబర్ హాఫ్‌బ్యాక్. మా జట్టులో అతను మిచెల్ మోజెస్. అతని సంగతి తర్వాత.

మా బాధ ఏంటో కూడా తెలియాలి కదా. ఈల్స్ 1981, 82, 83ల్లో జాక్ గిబ్సన్ కోచింగ్‌లో వరసగా మూడు కప్పులు కొట్టారు. 81లో గెలిచిన రాత్రి అభిమానులు ఆనందం పట్టలేక సొంత గ్రౌండ్ కంబర్లాండ్ ఓవల్ స్టాండ్‌నే తగలబెట్టేశారు, ఇది కట్టుకథ కాదు. 1986లో జాన్ మోనీ కోచ్‌గా నాలుగో కప్పు, ఫైనల్లో ఒక్క ట్రై కూడా లేకుండా 4-2తో. ఆ తర్వాత ఇప్పటిదాకా సున్నా. కప్పు రుచి తెలిసిన జట్లలో ఇంతకాలంగా ఎదురుచూస్తున్నది ఇంకోటి లేదు. 2001లో లీగ్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచి ఫైనల్లో న్యూకాజిల్ చేతిలో ఓడారు. 2009లో మెల్‌బోర్న్ చేతిలో ఓడారు, ఆ మెల్‌బోర్న్ జీతాల పరిమితి దాటి ఆటగాళ్ళకి డబ్బులిచ్చిందని తర్వాతి ఏడాది తేలి కప్పు లాగేసుకున్నారు, కానీ మాకేం ఇవ్వలేదు. పైగా 2016లో అదే తప్పుకి మేమూ దొరికిపోయాం, 12 పాయింట్లు కోత, పది లక్షల డాలర్ల జరిమానా. నీతులు చెప్పే మొహం కూడా మాకు మిగల్లేదన్నమాట.

ఇప్పుడు ఆర్థర్. ఆయన 2014లో బాధ్యత తీసుకునేటప్పటికి ఈల్స్ వరసగా రెండేళ్ళు, 2012లోనూ 2013లోనూ, పట్టికలో అట్టడుగున ఉన్నారు. రికీ స్టూవర్ట్ అంతటి పేరున్న కోచ్ ఒక్క ఏడాది ఉండి వెళ్ళిపోయాడు. అలాంటి చోట పదేళ్ళు నిలబడటం చిన్న విషయమా? 2016 కుంభకోణంలో జట్టు చెల్లాచెదురు కాకుండా పట్టుకున్నది ఆయనే. 2017లో నాలుగో స్థానం, మరుసటి ఏడాదే మళ్ళీ ఆఖరి స్థానం, ఇంకో కోచ్ అయితే అక్కడే ఇంటికి పంపేసేవారు. ఆయన్ని ఉంచారు, ఆయన 2019 నుంచి 2022 దాకా వరసగా నాలుగేళ్ళు నాకౌట్ దశ అయిన ఫైనల్స్‌కి తీసుకెళ్ళాడు. 2019లో కొత్త స్టేడియంలో బ్రిస్బేన్‌ని 58-0తో చితక్కొట్టిన రోజు నేను స్టాండ్‌లోనే ఉన్నా, గొంతు పోయి సోమవారం ఆఫీసులో సైగలతో పని కానిచ్చా.

ఆయన బలం నమ్మకం. ఒకసారి మనవాడు అనుకుంటే చెయ్యి వదలడు. క్లింట్ గథర్సన్ మోకాలి గాయాలతో పడినా ఎదురుచూశాడు, కెప్టెన్ని చేశాడు. మోజెస్ 2017 మధ్యలో టైగర్స్ నుంచి వచ్చినప్పుడు కుర్రాడికి నోరెక్కువ, నిలకడ తక్కువ అనేవాళ్ళు, ఆర్థర్ చేతిలో రెండేళ్ళకే, 2019లో, లీగ్‌లో ఉత్తమ హాఫ్‌బ్యాక్ అవార్డు తెచ్చుకున్నాడు. డిలన్ బ్రౌన్‌ని 18 ఏళ్ళకే దింపింది కూడా ఆయనే.

బలహీనత కూడా అదే. వదలడు. ఫామ్ పోయినవాడిని కూడా వచ్చేవారం బాగా ఆడతాడులే అని దింపేవాడు, డిఫెన్స్ గాలికి పోయినా అదే వరస, అదే పదమూడు మంది. 2022లో గ్రాండ్ ఫైనల్ దాకా వెళ్ళాం, పెన్రిత్ చేతిలో 28-12. స్కోరు చూసి హోరాహోరీ అనుకోకండి, మా పాయింట్లన్నీ మ్యాచ్ చేజారిపోయాక చివర్లో వచ్చినవే. ఆ రాత్రి తర్వాత రీడ్ మాహొనీ, ఐజేయా పాపాలీ, మరాటా నియుకోరె ముగ్గురూ వేరే క్లబ్బులకి వెళ్ళిపోయారు. ముందే కుదిరిన ఒప్పందాలే, కానీ వాళ్ళ జాగాలో ఎవరొస్తారన్న లెక్క క్లబ్ దగ్గర సరిగ్గా లేదు. 2023లో పదో స్థానం, 2024లో 17 జట్లలో పదిహేనోది. అందులో కోచ్ తప్పెంత, కొనుగోళ్ళు చూసే ఆఫీసువాళ్ళ తప్పెంత అంటే నేను చెరిసగం అంటా. తల మాత్రం కోచ్‌దే పోయింది.

ఒక విషయం ఒప్పుకోవాలి. ఆర్థర్ కొడుకు జేక్ కూడా మా జట్టులో ఆడాడు. 2022లో సొంత స్టేడియంలో అతను మైదానంలోకి వస్తుంటే మా జనమే గోల పెట్టి వెక్కిరించారు. కోచ్ కొడుక్కి చోటా అని నేనూ గొణిగినవాడినే. పందొమ్మిదేళ్ళ కుర్రాడు, పక్కన తండ్రి నిలబడి ఉన్నాడు. ఇప్పుడు మా వాడు ఆదివారం పూట బూట్లు కట్టుకుని చిన్నపిల్లల మ్యాచ్‌కి వెళ్తుంటే అది గుర్తొచ్చి సిగ్గేస్తుంది. జేక్ ఆ మరుసటి ఏడాది మ్యాన్లీకి వెళ్ళిపోయాడు.

రైల్స్ పూర్తిగా వేరే మనిషి. ఒకప్పుడు భారీ ప్రాప్, అంటే ముందు వరసలో ఢీకొట్టేవాడు. కోచింగ్‌లో మాత్రం మెల్‌బోర్న్‌లో క్రెయిగ్ బెలమీ దగ్గర, రూస్టర్స్‌లో ట్రెంట్ రాబిన్సన్ దగ్గర, మధ్యలో ఇంగ్లండ్ రగ్బీ యూనియన్ (రగ్బీలోనే ఇంకో రకం ఆట) జట్టుతోనూ పని నేర్చుకుని వచ్చాడు. రాగానే చేసిన పని కత్తెర తియ్యడం. గథర్సన్, అభిమానులు 'కింగ్' అని పిలుచుకునే మా కెప్టెన్, డ్రాగన్స్‌కి వెళ్ళిపోయాడు. మా ఇంట్లో ఆ రోజు అన్నం దిగలేదంటే నమ్మండి. హైదరాబాద్ క్రికెట్ అభిమానులకి ఈ బాధ చెప్పక్కర్లేదు, 2016లో కప్పు తెచ్చిన వార్నర్‌ని 2021లో సన్‌రైజర్స్ కెప్టెన్సీ నుంచి తప్పించి, తర్వాత జట్టులోంచే పక్కన పెట్టినప్పుడు ఎలా ఉందో అలా.

కానీ గథర్సన్ స్థానంలో, 1 నంబర్ ఫుల్‌బ్యాక్‌గా ఎవరొచ్చారో చూడండి. పెన్రిత్‌లో పెద్ద జట్టుకి ఆడే అవకాశం సరిగ్గా రాని ఐజేయా ఇయోంగి. గథర్సన్‌కి ఊపిరితిత్తులు నాలుగుంటాయి, 80 నిమిషాలూ పరుగెడతాడు, అరుస్తూనే ఉంటాడు, డిఫెన్స్‌ని నిలబెడతాడు. ఇయోంగికి అంత నోరు లేదు. కానీ కిక్ అందుకుని మొదటి రెండు అడుగుల్లో ఎదుటివాడిని బోల్తా కొట్టిస్తాడే, ఆ వేగం గథర్సన్‌కి ఎప్పుడూ లేదు. గుండెతో అడిగితే గథర్సన్. వచ్చే నాలుగేళ్ళకి అడిగితే ఇయోంగి, ఇందులో నాకు సందేహమే లేదు.

అసలు పెద్ద ప్రశ్న మోజెసా, బ్రౌనా అన్నది. దాన్ని బ్రౌనే తేల్చేశాడు, న్యూకాజిల్ పదేళ్ళకి దాదాపు కోటి ముప్పై లక్షల డాలర్లు ఇస్తానంటే 2025 మొదట్లోనే సరే అన్నాడు. మనవాళ్ళు కొందరు ద్రోహి అన్నారు, నేనైతే అనను, పదేళ్ళ ఉద్యోగ భద్రత ఇస్తానంటే మనలో కంపెనీ మారనివాడెవడు? ఆటలో చూస్తే బ్రౌన్ డిఫెన్స్ అమోఘం, హాఫ్‌బ్యాక్ పక్కన ఆడే 6 నంబర్ అయి ఉండి, ముందు వరసల్లో ఢీకొట్టే ఫార్వర్డ్‌లా టాకిల్ చేస్తాడు, ఎడమ వైపు సందు దొరికితే చొచ్చుకుపోతాడు. కానీ జట్టుని నడపమంటే తడబడతాడు. మోజెస్ లేని మ్యాచ్‌లు చూస్తే తెలుస్తుంది ఇది. ఐదో టాకిల్ అవ్వగానే ఎవరు తన్నాలో తెలియక ముగ్గురు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్ళు. మోజెస్ ఉంటే ఆ ప్రశ్నే ఉండదు, బంతి గాల్లో మెలికలు తిరుగుతూ వెళ్ళి అవతలి మూలలో పడుతుంది. సొంత 40 మీటర్ల గీత వెనక నుంచి తన్ని, నేల తాకి అవతలి 20 మీటర్ల లోపల పక్కగీత దాటేలా చేస్తే బంతి మళ్ళీ మనకే వస్తుంది, దీన్నే ఫార్టీ-ట్వంటీ అంటారు. ఆ దెబ్బ వెయ్యాలంటే ధైర్యం కావాలి, కొంచెం పొగరు కూడా. 2024లో న్యూ సౌత్ వేల్స్, క్వీన్స్‌లాండ్ రాష్ట్రాల మధ్య జరిగే స్టేట్ ఆఫ్ ఆరిజిన్ సిరీస్ మూడో మ్యాచ్‌లో, బ్రిస్బేన్‌లో, క్వీన్స్‌లాండ్ జనం మధ్య ఆఖరి నిమిషాల్లో ట్రై వేసి న్యూ సౌత్ వేల్స్‌కి సిరీస్ తెచ్చింది ఈ మోజెసే. ఒక్కడినే ఉంచుకోగలిగితే ఇతన్నే ఉంచుకోవాలి.

రైల్స్ మొదటి మ్యాచ్, మెల్‌బోర్న్‌లో, 56-18తో చిత్తు. మోజెస్ గాయంతో లేడు. ఆ రాత్రి ఫోన్ తెరిస్తే ఆర్థరే నయం అన్న మెసేజులే. మొత్తం సీజన్‌లో 11వ స్థానం, 24 మ్యాచ్‌ల్లో 10 గెలుపులు, ఇందులో గొప్పేముందని అడగొచ్చు. నాకు కనిపించిన తేడా వేరే. ఓడిపోతున్న మ్యాచ్‌లో అరవయ్యో నిమిషానికి ఆర్థర్ చివరి రోజుల్లో భుజాలు జారిపోయేవి, గీత దగ్గర నడుస్తూ వెనక్కి వచ్చేవాళ్ళు. రైల్స్ జట్టు వెనక్కి పరుగెత్తి వస్తోంది. సరిగా ఆడకపోతే పేరెంత ఉన్నా చోటు గ్యారంటీ లేదన్న భయం కనబడుతోంది, ఆ భయం మాకు చాలా ఏళ్ళుగా లేదు. ఆఖరి మ్యాచ్‌లో, బ్రౌన్ చేరబోయే న్యూకాజిల్‌నే, 66-10తో ఓడించాం, పట్టికలో ఆఖరి స్థానం వాళ్ళ పాలైంది. ఆ వ్యంగ్యానికి మా వీధిలో ఒక పెద్దాయన, 86 ఫైనల్ చూసినాయన, రెండు రోజులు నవ్వుతూనే ఉన్నాడు.

రైల్స్ అన్నీ సరిగ్గా చేశాడని కాదు. జాక్ లోమాక్స్‌ని డ్రాగన్స్ నుంచి తెచ్చి జట్టులో అంత పెద్దపీట వేస్తే, కొత్తగా పెడతామన్న ఆర్360 అనే రగ్బీ యూనియన్ పోటీ కోసం అతను ఒక్క సీజన్ ఆడి వెళ్ళిపోయాడు, ఆ పోటీ ఏమో మొదలవకుండానే వాయిదా. జోనా పెజెట్‌ని మెల్‌బోర్న్ నుంచి 2026కి తెచ్చారు, మంచి కుర్రాడే, కానీ ఒక్క ఏడాదికే, తర్వాత బ్రిస్బేన్‌కి పోతాడు. బ్రౌన్ ఖాళీ చేసిన ఇంటికి అద్దెకొచ్చినవాడు. కత్తిరించడం వచ్చినంత బాగా కుట్టడం వస్తుందా అన్నది ఇక్కడే తెలుస్తుంది.

అయినా నా లెక్క ఇది. 2014 నాటి శిథిలాల్ని రైల్స్ చేతికిచ్చి ఉంటే రెండేళ్ళలో అందరితో తగువు పెట్టుకుని వెళ్ళిపోయేవాడు, ఆ పని ఆర్థర్ లాంటి ఓపికగలవాడికే సాధ్యం. 2024 నాటికి మాత్రం అలవాటైపోయిన మొహాల్ని మార్చగలిగేవాడు కావాలి, అది ఆర్థర్ వల్ల కాదు. ఆయన ఇంగ్లండ్‌లో లీడ్స్‌కి వెళ్ళి ఆ జట్టుని 2025లో నాలుగో స్థానానికి తెచ్చాడు, నాకౌట్‌లో సెయింట్ హెలెన్స్ చేతిలో ఆఖరి క్షణంలో 16-14తో ఓడాడు. 2021లో ఇక్కడ పెన్రిత్ చేతిలో 8-6. ఎక్కడికెళ్ళినా రెండు పాయింట్లే ఆయనకి అడ్డం పడుతున్నాయి, పాపం.

ఇక నా టెన్షన్ కోచ్ గురించి కాదు. మోజెస్‌కి 2024లో పాదం ఎముక విరిగింది, 2025 సీజన్ ముందు మళ్ళీ పాదంలోనే స్ట్రెస్ ఫ్రాక్చర్, వయసు 31 దాటింది. రైల్స్ ఎంత కత్తిరించినా, ఎంత కుట్టినా, సగం ఏడాది ఆ పాదం బూటులో కాకుండా కట్టులో ఉంటే మళ్ళీ పదకొండో స్థానమే.