కాంటర్‌బరీ: బెకెట్ గొడవ తెలుసుకుని వెళ్తే

లండన్ సెయింట్ పాంక్రస్‌లో హైస్పీడ్ రైలెక్కితే దాదాపు గంటలో కాంటర్‌బరీ వెస్ట్ స్టేషన్‌లో దిగొచ్చు. ఊళ్లోని కెథెడ్రల్‌కి, అంటే పెద్ద చర్చికి, నడిచే వెళ్లొచ్చు, క్యాబ్ అక్కర్లేదు. చాలామంది పొద్దున వచ్చి సాయంత్రానికి వెళ్లిపోతారు. నన్నడిగితే ఒక రాత్రి ఉండాల్సిందే.

1170 డిసెంబర్ 29న ఈ కెథెడ్రల్ లోపలే ఆర్చిబిషప్ (ఇక్కడి చర్చి పెద్ద) థామస్ బెకెట్‌ని రాజు దగ్గరి నలుగురు నైట్లు, అంటే యోధులు, కత్తులతో నరికి చంపారు. ఆయన ఎలాంటి మనిషన్న దాని మీద చరిత్రకారులు ఇంకా తేల్చుకోలేదు. ఇంగ్లండ్ రాజు రెండో హెన్రీకి ప్రాణస్నేహితుడు, దర్జాగా బతికిన ఛాన్సలర్ (రాజుగారి ముఖ్య అధికారి). 1162లో ఆర్చిబిషప్ కాగానే చర్చి హక్కుల కోసం ఆ రాజుకే ఎదురు తిరిగాడు. మనసు నిజంగా మారిందని కొందరంటారు. ఏ పదవిలో ఉంటే ఆ వేషం పూర్తిగా వేశాడని మరికొందరు. ఆయన జీవితం రాసినవాళ్లలో చాలామంది ఆయన మనుషులే, అదీ చనిపోయాక రాసినవే. కాపాడబోయి చేతికి దెబ్బ తిన్న ఎడ్వర్డ్ గ్రిమ్ కూడా వాళ్లలో ఉన్నాడు. అందుకే అనుమానాలు. 1164 నుంచి ఆరేళ్లు ఫ్రాన్స్‌లో ప్రవాసం పడ్డవాడిది వేషమంటే నేను ఒప్పుకోలేను. మొండితనం మాత్రం ఉంది. రాజుతో రాజీ కుదిరాక కూడా రాజు పక్షాన నిలిచిన బిషప్పులను చర్చి నుంచి వెలివేశాడు.

హత్య జరిగిన చోట కత్తుల శిల్పం ఉంది. జనం ఎక్కువ, తలుపులు తెరవగానే వెళ్లండి. కెథెడ్రల్‌లోనే ఉన్న ట్రినిటీ చాపెల్ అనే ప్రార్థనా మందిరంలో 1220 నుంచి 1538 దాకా ఆయన సమాధి మందిరం ఉండేది. ఎనిమిదో హెన్రీ దాన్ని కూలగొట్టించాడు. ఇప్పుడక్కడ ఒక కొవ్వొత్తి వెలుగుతూ ఉంటుంది. చుట్టూ కిటికీల రంగుటద్దాల్లో ఆయన మహిమల కథలున్నాయి. పైనున్న బొమ్మలు సరిగ్గా కనబడాలంటే బైనాక్యులర్స్ పట్టుకెళ్లండి.

నాకు అన్నిటికన్నా నచ్చింది కింది క్రిప్ట్, అంటే నేలమాళిగ. 1888లో అక్కడ ఎముకలు దొరికితే బెకెట్‌వేనని చాలామంది నమ్మారు. 1949లో మళ్లీ తీసి పరీక్షించి, పుర్రె మీద కత్తి గాటు లేదు, ఆయనవి కావన్నారు. మరి అసలువి 1538లో కాల్చేశారా, సన్యాసులు దాచేశారా? వాలంటీర్ గైడ్‌ని అడిగితే రెండు వాదనలూ ఓపిగ్గా చెప్పారు. గైడ్ టూర్‌కి పెట్టిన డబ్బుకి పూర్తి న్యాయం జరిగింది.

బస విషయానికొస్తే, ప్రాకారం లోపలే కెథెడ్రల్ లాడ్జ్ ఉంది, కాస్త ఖరీదే. నేను బయట చవకైన గెస్ట్‌హౌస్‌లో దిగాను. నిటారు మెట్లు, లిఫ్ట్ లేదు, పొద్దున వేడినీళ్లు రాలేదు. పెద్దవాళ్లు వెంట ఉంటే లాడ్జ్‌కే ఓటు. హై స్ట్రీట్‌లో పాతకాలపు యాత్రికుల సత్రం ఈస్ట్‌బ్రిడ్జ్ చిన్నదే, అరగంట చాలు. సాయంత్రం కెథెడ్రల్‌లో పాటలతో జరిగే ప్రార్థన ఈవెన్‌సాంగ్‌కి టికెట్ ఉండదు, ముందుగా వెళ్తే మంచి సీటు దొరుకుతుంది.