పాత కంప్యూటర్ ఎక్స్ఛేంజ్‌కి ఇస్తున్నారా? ముందు మెయిల్స్ చూసుకోండి

మాది చీమకుర్తిలో గ్రానైట్ స్లాబుల వ్యాపారం. విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ఆగిపోయింది కదా, ఆఫీసు కంప్యూటర్ మార్చేద్దామని ఒంగోలులో ఒక షాపుకి వెళ్లాను. పాతది ఎక్స్ఛేంజ్‌లో తీసుకుని డేటా మొత్తం కొత్తదాంట్లోకి ఎక్కించి ఇస్తామన్నారు. దానికి విడిగా డబ్బులు కూడా తీసుకున్నారు. మెయిల్స్ వస్తాయా అని రెండుసార్లు అడిగాను. "అన్నీ వచ్చేస్తాయి సార్, టెన్షన్ పడకండి" అన్నారు.

ఆఫీసుకొచ్చి మేం మెయిల్స్ చూసుకునే ప్రోగ్రామ్ థండర్‌బర్డ్ తెరిస్తే కొత్తగా అకౌంట్ పెట్టుకోమంది. లోపల ఒక్క మెయిల్ లేదు. బయ్యర్లతో ఖాయం చేసుకున్న రేట్లు, స్లాబుల కొలతలు, బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు ఓడలో ఎక్కించినట్టు ఇచ్చే పత్రం) కాపీలు, తొమ్మిదేళ్లవి అన్నీ పోయాయి. వెంటనే ఫోన్ చేస్తే, పాత డిస్క్ అప్పటికే ఫార్మాట్ చేసేశామన్నారు.

వాళ్లు కాపీ చేసింది డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్, డౌన్‌లోడ్స్ ఫోల్డర్లు మాత్రమే. థండర్‌బర్డ్ మెయిల్స్ వాటిలో ఉండవు. యాప్‌డేటా ఫోల్డర్లో రోమింగ్ లోపల ఉంటాయి, విండోస్ ఆ ఫోల్డర్‌ని మామూలుగా కనపడనివ్వదు. పైగా మాది పాప్ అకౌంట్, అంటే మెయిల్స్‌ని సర్వర్ నుంచి కంప్యూటర్లోకి దించుకునే రకం. మెయిల్ కంప్యూటర్లోకి దిగిన 14 రోజులకి సర్వర్ నుంచి తీసేసేలా సెట్ చేసి ఉంది. మెయిల్స్‌ని సర్వర్లోనే ఉంచే ఐమ్యాప్ రకం అయితే అక్కడున్నవి మళ్లీ దిగేవి. అందులోనైనా కంప్యూటర్లో మాత్రమే ఉండే లోకల్ ఫోల్డర్స్‌లోకి మార్చుకున్నవి తిరిగి రావు.

మీరు చేయాల్సింది పెద్ద పనేం కాదు. థండర్‌బర్డ్‌లో హెల్ప్‌లోకి వెళ్లి ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ప్రొఫైల్ ఫోల్డర్ తెరుచుకునే బటన్ ఉంటుంది. ఫోల్డర్ తెరిచాక ప్రోగ్రామ్ మూసేసి, దాన్ని మొత్తంగా పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి. మెయిల్స్, అడ్రస్ బుక్, పాస్‌వర్డ్‌లు అన్నీ అందులోనే ఉంటాయి, కాబట్టి ఆ పెన్‌డ్రైవ్ ఎవరికీ ఇవ్వకండి. పాత రకం అవుట్‌లుక్ వాడేవాళ్లు మెయిల్స్ దాచి ఉంచే పీఎస్టీ ఫైల్ ఎక్కడుందో అకౌంట్ సెట్టింగ్స్‌లో డేటా ఫైల్స్ కింద చూసుకోవచ్చు.

కొత్తదాంట్లో పాత మెయిల్ ఒకటి, దాని అటాచ్‌మెంట్‌తో సహా తెరిచి చూసేదాకా పాత కంప్యూటర్ చేతిలోంచి వదలొద్దు. ఇచ్చేటప్పుడైనా డిస్క్ ఊడదీయించి మీ దగ్గరే ఉంచుకోండి. నాలుగు డబ్బులు తగ్గించి ఇస్తామన్నా సరే.

మాది ఎస్‌ఎస్‌డీ (చెరిపేసినవి తిరిగి దొరకడం కష్టమైన కొత్త రకం డిస్క్) కాదు, మామూలు హార్డ్ డిస్క్. వెంటనే వాడకం ఆపితే రికవరీలో కొన్నైనా దొరుకుతాయని, దాన్ని వెనక్కి ఇచ్చేయమని బతిమాలాను. ఎవరికో అమ్మేశారట. మా బయ్యర్ల బ్యాంకు వివరాలున్న డిస్క్ అది. ఇప్పుడు ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ఆ సంగతి చెబుతున్నాను.