వర్చువల్ సీఎఫ్‌ఓ ప్యాకేజీ: లెక్కలకు భేష్, కంప్లయన్స్‌కు జాగ్రత్త

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో చాలా సీఏ ఆఫీసులు ఇప్పుడు వర్చువల్ సీఎఫ్‌ఓ (బయటినుంచి పనిచేసే ఫైనాన్స్ హెడ్) ప్యాకేజీ ఇస్తున్నాయి. పూర్తికాలపు ఫైనాన్స్ హెడ్‌ని పెట్టుకునే స్తోమత లేని ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీకి నెలకు ఇన్ని గంటలని ఒక సీనియర్ సీఏ వస్తారు. వెనకాల ఒకరిద్దరు ఆర్టికల్ కుర్రాళ్లు (సీఏ శిక్షణలో ఉన్నవాళ్లు) ఉంటారు, అవసరమైతే కంపెనీ సెక్రటరీని (సీఎస్) బయటినుంచి తెస్తారు. లెక్కలు చూడటం, బ్యాంకు లిమిట్లు పెంచించడం వరకు ఇచ్చిన డబ్బుకు తగ్గ పని జరుగుతుంది. ‘కంప్లయన్స్ కూడా (చట్టం అడిగే ఫారాలు, పన్నులు గడువులోపు వేయడం) మేమే చూసుకుంటాం’ అనే దగ్గరే తేడా కొడుతుంది.

అసలు మీ కంపెనీ దీన్ని తీసుకోవచ్చా అన్నది ముందు తేల్చుకోవాలి. లిస్టెడ్ కంపెనీకి, పెయిడప్ క్యాపిటల్ (వాటాదార్లు చెల్లించిన మూలధనం) 10 కోట్లు, ఆపైన ఉన్న పబ్లిక్ కంపెనీకి కంపెనీల చట్టం 203వ సెక్షన్ ప్రకారం పూర్తికాలపు సీఎఫ్‌ఓ ఉండి తీరాలి. ప్రైవేట్ కంపెనీకి ఆ నిర్బంధం లేదు గానీ పెయిడప్ 10 కోట్లకు చేరితే పూర్తికాలపు కంపెనీ సెక్రటరీ కావాలి. రిటైనర్ మీద (నెలకింత ఫీజుకు) బయటినుంచి వచ్చే సీఎస్ ఆ లెక్కలోకి రారు. ఇక 1,000 కోట్లు, ఆపైన ఆస్తులున్న ఎన్‌బీఎఫ్‌సీ (బ్యాంకు కాని ఫైనాన్స్ కంపెనీ) అయితే ఈ ప్యాకేజీ ఊసే ఎత్తకూడదు. ఆర్‌బీఐ 2022 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనల ప్రకారం చీఫ్ కంప్లయన్స్ ఆఫీసర్ విడిగా ఉండాలి, కనీసం మూడేళ్లు ఆ కుర్చీలో ఉండనివ్వాలి, వ్యాపారం తెచ్చే బాధ్యతలు ఆ మనిషికి అంటగట్టకూడదు.

మిగతా కంపెనీలకు ఒక మాట. ప్యాకేజీలో వచ్చే సీఎఫ్‌ఓ చట్టం దృష్టిలో సీఎఫ్‌ఓ కారు. బోర్డు తీర్మానం ఉండదు, నియామకాన్ని తెలిపే డీఐఆర్-12 ఫారం వేయరు. రిటర్ను తప్పితే నోటీసు డైరెక్టర్లకే వస్తుంది. విజిటింగ్ కార్డు మీద ఏం రాసుకున్నారన్నది ఆర్‌ఓసీకి (కంపెనీల రిజిస్ట్రార్‌కు) అనవసరం. ఏఓసీ-4 (వార్షిక లెక్కలు), ఎంజీటీ-7 (వార్షిక రిటర్ను) రెండూ 100 రోజులు ఆలస్యమైతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము మొత్తం 20,000. ఆ డబ్బు ఎవరి జేబులోంచి పోవాలో ఒప్పందంలో రాయించుకోకపోతే మీదే.

ప్యాకేజీలో అన్నిటికన్నా విలువైనది నెలవారీ ఎంఐఎస్, అంటే యజమానికి ఇచ్చే లెక్కల నివేదిక. సరైన టీమ్ అయితే మరుసటి నెల 10వ తేదీకల్లా ఇస్తుంది. ఎవరి దగ్గర ఎన్ని రోజులుగా బాకీ ఆగిందో, రాబోయే 13 వారాల్లో డబ్బు ఎక్కడ కటకటలాడుతుందో అందులో కనబడాలి. నాసిరకం టీమ్ టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్)లోని లాభనష్టాల ఖాతాను ఎక్సెల్‌లో పడేసి రంగులద్ది పంపుతుంది. పట్టుకోవడం తేలికే. చేరేముందు పేర్లు తీసేసిన నమూనా అడిగి, వరుసగా మూడు నెలల క్లోజింగ్ స్టాక్ చూడండి. అంకె మారలేదంటే సరుకు ఎవరూ లెక్కపెట్టలేదన్నమాట. కొన్నదంతా ఆ నెల ఖర్చులోకే పోయి, గ్రాస్ లాభం ఒక నెల 22 శాతం, ఇంకో నెల 9 శాతం అని గంతులేస్తుంది. బ్యాంకు నిల్వలు కూడా మీ అకౌంటెంట్ పంపిన పీడీఎఫ్ నుంచి కాకుండా, చూడటానికి మాత్రమే వీలున్న లాగిన్‌తో వాళ్లే నేరుగా తీసుకోవాలి. సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రాసిన లేఖతో 5,040 కోట్ల లేని నగదు, బ్యాంకు నిల్వల సంగతి 2009 జనవరిలో బయటపడ్డ హైదరాబాద్‌లో ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

పన్నుల పనిలో డబ్బు చిన్న చిన్న తేదీల దగ్గరే జారిపోతుంది. జూన్ 10న కోసిన టీడీఎస్ (చెల్లింపులో ముందే పట్టుకునే పన్ను) జూలై 7లోపు కట్టాలి. జూలై 11న కడితే ఆలస్యం నాలుగు రోజులే, వడ్డీ మాత్రం కోసిన రోజు నుంచి లెక్కేసి రెండు నెలలకు 3 శాతం. లక్షకు 3,000. జీఎస్టీలో 14న 2బీ (సప్లయర్లు చూపిన బిల్లుల జాబితా) వస్తుంది, 3బీకి (మనం వేసే నెలవారీ రిటర్నుకు) 20 వరకు గడువు. మధ్యలో ఉన్న ఆ ఐదారు రోజుల్లోనే సప్లయర్ వేయని బిల్లులు పట్టుకుని ఫోన్లు చేయాలి. ఆ ఫోన్లు ఎవరు చేస్తారో ప్యాకేజీలో ఉండదు, అడిగి రాయించుకోండి. అన్నిటికన్నా ఎక్కువ దెబ్బ కొట్టేది చిన్న సప్లయర్ల బాకీల నిబంధన, 1961 ఆదాయపు పన్ను చట్టంలో 43బీ(హెచ్). సూక్ష్మ, చిన్న తయారీదారులకు, సర్వీసు ఇచ్చేవాళ్లకు ఒప్పందం ఉంటే గరిష్ఠంగా 45 రోజుల్లో, లేకపోతే 15 రోజుల్లో చెల్లించాలి. గడువు దాటి మార్చి 31కి 10 లక్షలు బాకీ ఉంటే ఆ ఏడాది ఖర్చుగా ఒప్పుకోరు. తక్కువ రేటున్న కొత్త పన్ను పద్ధతిలోని కంపెనీకి సుమారు రెండున్నర లక్షల పన్ను ముందే పడుతుంది. కాబట్టి సప్లయర్ల ఉద్యం సర్టిఫికెట్లు (చిన్న పరిశ్రమగా నమోదు కాగితాలు) మార్చిలో కాదు, బిల్లు ఎక్కించేటప్పుడే తీసుకోవాలి.

రంగం మారితే ఇదే టీమ్ తడబడుతుంది. ఐటీ ఎగుమతుల్లో చేయి తిరిగినవాళ్లు ఏటా ఏప్రిల్‌కి ముందే ఎల్‌యూటీ (జీఎస్టీ కట్టకుండా ఎగుమతి చేసేందుకు ఇచ్చే హామీపత్రం) వేసేస్తారు, అక్కడ పేచీ లేదు. అదే టీమ్ బిల్డర్ దగ్గరికి వెళ్లి మూడు ఖాతాల్లోని డబ్బంతా కలిపి ‘చేతిలో నగదు’ అని రాసిందనుకోండి, కొంప మునుగుతుంది. కొనుగోలుదార్లు ఇచ్చిన దాంట్లో 70 శాతం రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) ఖాతాలోనే ఉండాలి. పని ఎంత జరిగిందో ఇంజనీరు, ఆర్కిటెక్ట్, సీఏ ముగ్గురూ సర్టిఫై చేస్తేనే, ఆ మేరకే తీయాలి. పక్క ప్రాజెక్టు సిమెంటు బిల్లుకు అది పనికిరాదు. ఆస్పత్రుల్లో ఇంకో తలనొప్పి. వైద్యానికి జీఎస్టీ లేదు, ఓపీ మందులకు ఉంది, ఐసీయూ కాకుండా రోజుకు 5,000 దాటిన గదికి 5 శాతం ఉంది. కొనుగోళ్ల మీద తీసుకున్న జీఎస్టీ క్రెడిట్ ఎంత వెనక్కి తిప్పాలో నెలనెలా లెక్క కట్టాలి. పైగా ఇన్సూరెన్స్‌వాళ్లు కోసిన మొత్తాలను ‘రావలసినవి’లోనే ఉంచేస్తే లాభం ఉబ్బి కనిపిస్తుంది. మీ రంగంలో ఎవరికి చేశారో అడగండి. ‘అన్ని రంగాలూ చూస్తాం’ అనే జవాబు వస్తే ఇంకొకరిని చూసుకోవడం మేలు.

టాలీలో ఎవరి లాగిన్ వారికే ఇవ్వాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి ఎడిట్ లాగ్ (ఎవరు ఏం మార్చారో చూపే రికార్డు) కంపెనీలకు తప్పనిసరి, ఆడిటర్ దాని మీద రిపోర్టులో రాస్తారు. అందరూ ‘అడ్మిన్’తోనే దిద్దితే నెలాఖరున పాత వోచర్ మార్చిందెవరో తేలదు. డైరెక్టర్ డీఎస్‌సీ (డిజిటల్ సంతకం) టోకెన్ వాళ్ల డ్రాయర్లో ఉంచొద్దు. ఫారం దాఖలు చేసే రోజున ఇచ్చి, పని కాగానే తెచ్చుకోండి. జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్, ట్రేసెస్ (టీడీఎస్ పోర్టల్) లాగిన్లన్నిటికీ కంపెనీ మొబైల్, కంపెనీ ఈమెయిలే ఉండాలి. వాళ్ల ఆఫీసు నంబరు పెట్టుకుంటే విడిపోయాక పాస్‌వర్డ్ ఓటీపీ అక్కడికే పోతుంది. దాన్ని మార్పించుకోవడానికి కాగితాలు పట్టుకుని మీ పరిధిలోని జీఎస్టీ అధికారి దగ్గరికి వెళ్లాలి, ఈలోపు 20వ తేదీ మీకోసం ఆగదు.