సూళ్లూరుపేటలో మాకు దక్కని తెల్లవారుజాము

లాడ్జి షట్టరుకు బయటి నుంచి తాళం. తాళంచెవి మేనేజరు దగ్గర. మేనేజరు ఇంటి దగ్గర. ఆ ఇల్లు ఎక్కడో వాచ్‌మన్‌కు తెలుసు గానీ, చెప్పి ఏం లాభం, వాచ్‌మన్ కూడా మాతోపాటు లోపలే ఉన్నాడు. ఫోన్ చేస్తే స్విచాఫ్. అప్పటికి ఆదివారం పొద్దున ఐదుంబావు. పులికాట్ సరస్సులో ఫ్లెమింగోలు చూడ్డానికి మమ్మల్ని తీసుకెళ్లాల్సిన ఆటో వాకిట్లో వచ్చి నిలబడి ఉంది. మెడలో బైనాక్యులర్స్, నెత్తికి మంకీ క్యాప్, చేతిలో ఫ్లాస్కుతో నేను, నాన్న, తమ్ముడు షట్టరు సందుల్లోంచి ఆటో అన్నను చూస్తున్నాం. ఆయన మమ్మల్ని చూస్తున్నాడు. జూలో చూసినట్టే.

నేను చెన్నైలో ఇంజినీరింగ్ మూడో సంవత్సరం. మా ఊరు తెనాలి దగ్గర. పక్షుల పిచ్చి నాకు గుంటూరు దగ్గరి ఉప్పలపాడు పక్షుల చెరువు దగ్గర అంటుకుంది. ఏడో తరగతిలో నాన్న బండి మీద తీసుకెళ్లి ఆ చెరువు గట్టున నిలబెట్టాడు. ఇప్పుడు నా దగ్గర సెకండ్ హ్యాండ్ 8×42 బైనాక్యులర్స్ ఉన్నాయి, ట్యూషన్లు చెప్పిన డబ్బుతో కొన్నవి. హాస్టల్లో వాటిని చూసినవాళ్లందరూ ముందు అడిగేది, బాయ్స్ హాస్టల్ కనిపిస్తుందా అని.

సంక్రాంతికి ప్రాజెక్టు రివ్యూ పెట్టి ఇంటికి పోనివ్వలేదు. అందుకని జనవరి 26 సోమవారం కలిసొచ్చేసరికి వాళ్లనే మధ్యకు రమ్మన్నాను. సూళ్లూరుపేట నాకు చెన్నై నుంచి లోకల్ రైల్లో పాతిక రూపాయల లోపు ప్రయాణం. వాళ్లకు తెనాలి నుంచి పగటి రైలు. పైగా నా రూమ్మేట్‌ది ఆ ఊరే. వాళ్లింట్లోనే దిగమని వాళ్లమ్మ రెండుసార్లు ఫోన్ చేసింది. "ఐదుగురం మూటాముల్లె వేసుకుని ఒకరింటి మీద పడితే ఏం బాగుంటుందమ్మా" అని నాన్న ఒప్పుకోలేదు. యాప్‌లో రెండు గదులు, రెండు రాత్రులు, గదికి 1,450 చొప్పున మొత్తం 5,800 కట్టేశాడు. ఆ మొహమాటం ఖరీదు ఎంతో కింద రాస్తాను.

శనివారం మధ్యాహ్నం కౌంటర్ దగ్గర మేనేజరు మా బుకింగ్ చూసి, "ఇది మామూలు రేటు సార్. ఇప్పుడు ఫెస్టివల్ రేటు. గదికి ఆరొందలు ఎక్స్‌ట్రా" అన్నాడు. ఇక్కడ జరిగే పక్షుల పండగ, ఫ్లెమింగో ఫెస్టివల్ అయిపోయి చాలా రోజులైందని నేనన్నాను. "పక్షులు ఇంకా ఉండాయి గదమ్మా" అన్నాడు. నిజం చెప్పొద్దూ, ఆ జవాబుకు నాకు నవ్వొచ్చింది. నాన్నకు రాలేదు. మూడో మనిషికి పరుపు 400 అట. అంటే పైన ఇంకో 1,600. అరగంట వాదించాక వెయ్యి దగ్గర తెగింది. రసీదు అడిగితే ప్రింటర్ పని చేయడం లేదన్నాడు. వేడినీళ్లు కుళాయిలో రావు, బకెట్ 30 రూపాయలు. ఏసీ ఉంది, రిమోట్ లేదు. జనవరి కాబట్టి దాన్ని వదిలేశాం. అమ్మ దుప్పటి దులిపి, వాసన చూసి, ఏమీ మాట్లాడకుండా తన చీర తీసి పరిచింది. అమ్మ మాట్లాడకపోతే మా ఇంట్లో అందరికీ టెన్షన్.

ఆ సాయంత్రం నేలపట్టు పక్షుల చెరువుకు వెళ్లకపోయుంటే మా ట్రిప్పు అక్కడికక్కడే ముగిసేది. సూళ్లూరుపేట నుంచి ఉత్తరంగా హైవే మీద వెళ్లి దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరగాలి. సుమారు ఇరవై కిలోమీటర్లు. ఆటోకు రానూపోనూ, వెయిటింగుతో కలిపి 900. కారు వాళ్లు 1,800 అడిగారు, అవసరం లేదు.

అందరూ ఫ్లెమింగోల కోసం వచ్చి నేలపట్టును అరగంటలో చుట్టేసి పోతారు. నా లెక్కలో అది తిరగేసిన బేరం. చెరువులో మొలదాకా నీళ్లలో నిలబడిన కడప చెట్లు, కొమ్మ కొమ్మకీ గూళ్లు, గూటి నిండా గూడబాతులు, అంటే పెలికాన్లు. రెట్టలతో ఆకులు సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. గాలి తిరిగితే వాసన గుప్పుమంటుంది, ముక్కు సున్నితమైనవాళ్లు రుమాలు తెచ్చుకోండి. పిల్లలు తల్లి ముక్కు కింది సంచిలోకి మెడదాకా తల దూర్చి చేపలు తింటుంటే, తల్లిని మింగేస్తున్నాయేమో అనిపించింది. మధ్య మధ్యలో తెల్ల కంకణం పిట్టలు, నత్తగుల్ల కొంగలు, ఆకుల చాటున ఎర్రకళ్లతో చింతవొక్కు కొంగలు.

అక్కడి ఫారెస్ట్ వాచర్ పెద్దాయన మా వెంట ఊరికే నడిచాడు. ఏ చెట్టు మీద గుడ్లున్నాయో, దేని మీద పిల్లలు ఎగరడానికి వచ్చాయో వేలు పెట్టి చూపించాడు. ఈ రెట్టలు కలిసిన నీళ్లు పొలాలకు మంచి ఎరువు, అందుకే ఊళ్లో వాళ్లు పక్షుల జోలికి పోరు, ఎవర్నీ పోనివ్వరు అని చెప్పాడు. నాన్న యాభై ఇస్తే "టీ తాగతాలే సార్" అని తీసుకున్నాడు. మేం మూడు రోజుల్లో ఇచ్చిన డబ్బులన్నిటిలో మనస్ఫూర్తిగా ఇచ్చింది అదొక్కటే. టవర్ పైన నలుగురు కుర్రాళ్లు బ్లూటూత్ స్పీకర్ పెట్టుకుని డ్యాన్స్ రీల్ తీస్తుంటే, వాళ్లను కిందికి దింపిందీ ఆయనే.

నాయనమ్మ మొదట్నుంచీ ఒకటే మాట. "ఉప్పలపాడులో లేవుటే ఈ బాతులు? వీటికోసం రైలెక్కాలా?" నిజమే, ఉన్నాయి. ఏం చెప్పాలో తెలియక బైనాక్యులర్స్ ఆవిడ కళ్లకు పెట్టి, ఫోకస్ నేనే తిప్పాను. కాసేపు అలాగే ఉండిపోయి, ఉన్నట్టుండి కుడిచెయ్యి ముందుకు చాపింది. పిల్లను నిమురుదామనుకుంది. చెయ్యి గాల్లోనే ఉండిపోతే సిగ్గుపడి, "మీ తాతకు చూపించాల్సింది" అని గబుక్కున కళ్లద్దాలు పెట్టేసుకుంది. తర్వాత ఉప్పలపాడు మాట ఎత్తలేదు.

తిరిగొచ్చేటప్పుడు చెంగాళమ్మ గుడి. కాళంగి నది ఒడ్డున ఉంటుంది. రాత్రిళ్లు కూడా తలుపులు మూయని గుడి. రాకెట్ ప్రయోగాల ముందు శ్రీహరికోట సైంటిస్టులు వచ్చి పూజ చేయించుకునేది ఇక్కడే. దర్శనం పది నిమిషాల్లో అయింది. ఆ రోజు శనివారం, నాయనమ్మకు ఒక్కపొద్దు. బస్టాండు దగ్గర ఇడ్లీ ప్లేటు 30, పచ్చడి బాగుంది.

సరే, మళ్లీ షట్టరు దగ్గరికి వద్దాం.

పులికాట్‌లో పొద్దుటిపూట ఎందుకంత ముఖ్యమో తెలియనివాళ్లకు చెప్తాను. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సును చీల్చుకుంటూ తూర్పుకు పోతుంది. రెండు పక్కలా నీళ్లు. రాత్రి ప్రశాంతంగా ఉంటుంది కాబట్టి పక్షులు రోడ్డుకు కాస్త దగ్గరగా మేస్తుంటాయి. తెల్లారాక బస్సులు, బైకులు, సెల్ఫీలు, హారన్లు మొదలైతే అవి లోపలికి జరుగుతూ పోతాయి. ఎనిమిది దాటితే నీళ్ల మీద ఎండ తళతళలాడి, బైనాక్యులర్స్‌లో అన్నీ వేడి పెనం మీద పొగలాగా ఊగుతాయి. ఆరుంబావుకల్లా రోడ్డు మధ్యలో ఉండాలని నేను నెల రోజులుగా లెక్కలేసుకున్నాను. శుక్రవారం రాత్రి వాతావరణం కూడా చూసుకున్నాను, ఆదివారం ఆకాశం శుభ్రం.

మేనేజరు ఏడుంపావుకు వచ్చాడు. తలకు నూనె రాసుకుని, తాపీగా. "ఇంత పొద్దున్నే ఎవరు పోతార్ సార్" అన్నాడు. పక్షులు చూడ్డానికి వచ్చేవాళ్ల దగ్గర పక్షుల పేరు చెప్పి గదికి ఆరొందలు అదనంగా గుంజే మనిషికి, పక్షుల్ని ఎప్పుడు చూస్తారో తెలియదు. తమ్ముడు అరిచాడు. నాన్న అరవలేదు, అది ఇంకా ఘోరం. లోపల రోగిష్ఠివాళ్లుంటే, నిప్పంటుకుంటే ఏం చేసేవాడివయ్యా అని మెల్లగా అడిగాడు. అతను రిజిస్టర్ తిరగేస్తూ ఉండిపోయాడు. ఆటో అన్న మాత్రం రెండు గంటలు కాచుకుని వంద మాత్రమే ఎక్కువ తీసుకున్నాడు.

సరస్సు చేరేసరికి ఎనిమిది. ఫ్లెమింగోలు ఉన్నాయి, వందల్లోనే ఉంటాయి. దూరంగా నీటి అంచున సుద్దముక్కతో గీసిన తెల్ల గీతలా. మామూలు కంటికి గీత, నా బైనాక్యులర్స్‌లో వణికే గీత. తమ్ముడు పది సెకన్లు చూసి, "అక్కా, గూగుల్లో ఇంతకన్నా బాగుంటాయి" అన్నాడు. దారిలో ఉన్న అటకానితిప్పలో కాసేపు నీడకు కూర్చుని, శ్రీహరికోట రాకెట్ కేంద్రం (షార్) చెక్‌పోస్టు దాకా పోయి వెనక్కి తిరిగాం. పాస్ లేకుండా అంతకుమించి పోనివ్వరు. అక్కడి గార్డు మమ్మల్ని చెయ్యూపి తరిమిన తీరు నాయనమ్మకు నచ్చలేదు. "రాకెట్టు మనం ఎత్తుకుపోతామా" అంది.

నేను ఆటోలో ఏడ్చాను. ఇరవై ఏళ్లొచ్చి కొంగల కోసం ఏడ్చిందని తమ్ముడు ఇప్పటికీ అంటుంటాడు.

రూమ్మేట్‌కు ఫోన్‌లో సంగతి చెప్పాను. అరగంటలో వాళ్ల నాన్న స్కూటర్ మీద లాడ్జికి వచ్చి, మా సూట్‌కేసు తనే పట్టుకుని కిందికి దిగాడు. మేనేజరును ఏమీ అనలేదు, ఒకసారి చూశాడంతే. ఇక మొహమాటానికి వీల్లేకపోయింది.

ఆ మధ్యాహ్నం వాళ్లింట్లో, రూమ్మేట్ వాళ్లమ్మ ఆంటీ పెట్టిన భోజనం గురించి రాయకపోతే పాపం. పులికాట్ ఎండ్రకాయల పులుసు. మా వైపు పీతలంటాం. ఆంటీ "ఎండ్రకాయలు" అన్నప్పుడల్లా తమ్ముడు ఏదో కాయగూర అనుకున్నాడు, గిన్నె మూత తీసేదాకా. చింతపండు పులుపు ముందు తగులుతుంది, తర్వాత కారం, గుంటూరు నాలుకకు కూడా సరిపోయే కారం, ఆ తర్వాత పీత మాంసంలోని తీపి నెమ్మదిగా వస్తుంది. డెక్కలు పగలగొట్టడానికి ఆంటీ రోకలిబండ తెచ్చి మా మధ్యలో పెట్టింది. స్టీలు పళ్లాల చప్పుడు తప్ప ఇంకో మాట లేదు. నిన్నటి నుంచి మాట్లాడని అమ్మ, మూడోసారి అన్నం పెట్టించుకుంటూ, "వదినా, ధనియాలు వేయించి వేశారా, పచ్చివా?" అని అడిగింది. నాన్న నా వైపు చూసి ఊపిరి వదిలాడు. కిలో 500 పెట్టి పడవ దగ్గరే కొన్నారట. హోటళ్లలో ఇది దొరుకుతుందని ఆశ పెట్టుకోకండి. మేం దాటిన హైవే హోటళ్లన్నీ బిర్యానీ బోర్డులే.

సాయంత్రం తమ్ముడి కోసం బోటు షికారుకని భీమునివారిపాలెం వెళ్లాం. ఆదివారం క్యూ చూసి వెనక్కొచ్చాం. బోటు కావాలంటే మామూలు రోజుల్లో పోండి.

సోమవారం నాలుగున్నరకే ఆంటీ లేపి టీ ఇచ్చింది. ఆరింటికి రోడ్డు మీదున్నాం. మంచు. ఆటో ముందు చక్రం కూడా సరిగా కనిపించనంత. అటూ ఇటూ సరస్సు ఉందని నీచు వాసనను బట్టి తెలియడమే. ఇంజిన్ ఆపితే, రెండు పక్కల నుంచీ బాతుల్లాంటి అరుపులు, వందల గొంతులు, చాలా దగ్గర్లో. ఫ్లెమింగోలు. గంటన్నర నిలబడి విన్నాం, ఒక్కటి కనిపించలేదు. నిన్నటి శుభ్రమైన ఆకాశం మాత్రం షట్టరు అవతల ఉండిపోయింది.

ఎనిమిదికి కాస్త పలచబడ్డాక తమ్ముడు పిలిచాడు. "అక్కా, ఇక్కడో మురికి కొంగ." రోడ్డు పక్కన ముప్పై అడుగుల దూరంలో బూడిద రంగు పిట్ట, తల కిందులు చేసి ముక్కు బురదలో ఊపుకుంటూ నడుస్తోంది. కొంగ కాదు, ఫ్లెమింగో పిల్ల. అవి పుట్టుకతో గులాబీ రంగులో ఉండవు. నాచు, చిన్న రొయ్యల్లాంటివి తినగా తినగా రెండు మూడేళ్లకు రంగొస్తుంది. ఇరవై నిమిషాలు అది మమ్మల్ని పట్టించుకోలేదు. నా నోట్‌బుక్‌లో మూడు రోజులకు 34 జాతులు రాసుకున్నాను. ఆ ఒక్కదాని పక్కన తమ్ముడి పేరు రాశాను.

ఇక లాడ్జి లెక్క. రద్దు చేసిన రెండో రాత్రికి యాప్ వాళ్లు తొమ్మిది రోజులు తిప్పి 2,900లో 1,160 ఇచ్చారు. నాలుగు బకెట్ల నీళ్లు 120 కలిపితే, ఒక్క రాత్రికి మాకు పడింది 5,760 రూపాయలు. మీరు వెళ్తే, ఎక్కడ దిగినా సరే, రేటు అడిగే ముందు "పొద్దున ఐదింటికి తలుపు ఎవరు తీస్తారు?" అని అడగండి. ఆ మనిషి రాత్రి అక్కడే పడుకుంటాడో లేదో కూడా అడగండి. నవంబరు ఆఖరి నుంచి ఫిబ్రవరి దాకా ఎప్పుడైనా వెళ్లొచ్చు, కానీ రెండు తెల్లవారుజాములు చేతిలో ఉంచుకోండి, ఒకటి మంచుకు పోతుంది. భారీ వానలు పడిన ఏడాది సరస్సులో నీళ్లు లోతుగా ఉంటే ఫ్లెమింగోలు రోడ్డు దగ్గరికి రావు, స్థానికుల్ని ముందే కనుక్కోండి. ఫొటోలు తీసేవాళ్లు రోడ్డుకు ఉత్తరం వైపు పక్షుల్ని చూసుకోండి, చలికాలం ఎండ వీపు వెనక ఉంటుంది.

హాస్టల్‌కు వచ్చేటప్పుడు ఆంటీ మిగిలిన పులుసు స్టీలు క్యారియర్‌లో పోసిచ్చింది. ఆ వాసనకు వార్డెన్ మా ఫ్లోర్‌కు రెండుసార్లు వచ్చి వెళ్లింది. కడిగిన క్యారియర్ ఇప్పుడు నా టేబుల్ మీద ఉంది. ఖాళీగా తిరిగివ్వకూడదని నాయనమ్మ ఫోన్‌లో గట్టిగా చెప్పి, అరిసెలు పార్శిల్ చేయించింది. వచ్చే శనివారం తెల్లవారుజామున మొదటి లోకల్‌కు వెళ్తున్నాను.